బాపు లేని మొదటి క్రిస్మస్. పాట నోట్లోంచి రావట్లేదు, ఏం చేయాలి?

హన్మకొండ ఆడపడుచు:

అందరికీ వందనాలు. మా బాపు ఫిబ్రవరిలో చనిపోయాడు. కిడ్నీలు చెడిపోయి పదకొండు నెలలు డయాలసిస్ మీద ఉన్నాడు. మేము చేయని ప్రార్థన లేదు. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉన్నాం, సంఘమంతా వచ్చి మంచం చుట్టూ మోకాళ్ళ మీద ఉన్న రాత్రులూ ఉన్నాయి. ఏటా డిసెంబర్ రాగానే బాపు తను వెదురు బద్దలతో కట్టిన నక్షత్రాన్ని అటక మీద నుంచి దించి, చిరిగిన చోట కొత్త రంగు కాగితం అతికించి, లోపల బల్బు పెట్టి డాబా మీద కట్టేవాడు. ఈసారి పదిహేనో తారీఖు దాటినా అది అటక మీదే ఉంది. దించుదామంటే నాకు చేతులు రావట్లేదు.

మొన్న క్యారల్స్ వాళ్ళు మా ఇంటికొచ్చి పాడుతుంటే నేను వంటింట్లోకి పోయి నిలబడ్డాను. "బాపు ప్రభువు దగ్గరున్నాడు కదా, ఏడిస్తే విశ్వాసం లేనట్టు" అంటారు మావాళ్ళు. విశ్వాసం పోలేదు, పాటే రావట్లేదు. లోపల లేని సంతోషాన్ని మొహానికి పూసుకొని ఆరాధనకు పోతే అది వేషధారణ కాదా? క్రిస్మస్‌లో నిరీక్షణ ఉందంటారు, మరి లైట్లు తీసేశాక జనవరిలో అది ఎక్కడ ఉంటుంది? నిజంగా అడుగుతున్నాను.

కాజీపేట పెద్దాయన:

బిడ్డా, మేము ఫాతిమానగర్ కేథడ్రల్‌కు పోయే క్యాథలిక్ కుటుంబం. ఏడవొద్దన్న వాళ్ళ మాట పట్టించుకోకు. చనిపోయిన లాజరును కాసేపట్లో బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. క్రిస్మస్ అంటే మనం పశువుల పాక, గొర్రెల కాపరులు, జ్ఞానుల దగ్గరే ఆగిపోతాం. మత్తయి రెండో అధ్యాయం ఇంకొంచెం ముందుకు చదువు. హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్ళలోపు మగపిల్లలను చంపించాడు, తల్లులు ఎవరు ఓదార్చినా ఊరుకోలేదు, అంతకుముందే యోసేపు మరియ పసివాణ్ణి ఎత్తుకొని రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయారు. మా దగ్గర డిసెంబర్ 28న ఆ పిల్లలను తలుచుకొని పూజ చేస్తారు. పండుగై మూడు రోజులే! ఏడ్చేవాళ్ళకు ఈ పండుగలో మొదటి నుంచీ చోటుంది.

జనవరి సంగతి అడిగావు కదా. మాకు క్రిస్మస్ కాలం 25తో అయిపోదు, జ్ఞానుల పండుగ దాటి ప్రభువు జ్ఞానస్నాన పండుగ దాకా ఉంటుంది. ఆ తర్వాత ఫిబ్రవరి 2న బాలయేసును దేవాలయంలో సమర్పించిన పండుగ వస్తుంది, ఆ రోజు కొవ్వొత్తులు వెలిగిస్తాం. మీ బాపు పోయిన నెలే కదా అది. వీలైతే ఆ రోజు మా గుడికి రా, ఆయన పేరున ఒకటి వెలిగిద్దాం.

నర్సంపేట అక్క:

చెల్లె, నీ వేషధారణ మాట నాకు బాగా తగిలింది, ఎందుకంటే ఇదే భయంతో నేను నాలుగు నెలలు చర్చికే పోలేదు. మా ఆయన పోయి ఆరేళ్ళయింది, పత్తి ఏరే రోజుల్లోనే పోయాడు. శనివారం చర్చి ఊడ్చి చాపలు పరిచే వంతు మాది. ఒక శనివారం పాస్టరమ్మ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది. పోయి ఊడ్చాను. అట్లా ఏడాదిన్నర ఊడ్చాను, ఒక్క రోజు కూడా మనసారా ప్రార్థన రాలేదు, చీపురు చప్పుడే నా ప్రార్థన అనుకున్నాను.

లూకా రెండో అధ్యాయంలో అన్న అనే ప్రవక్త్రి ఉంది చూడు. పెళ్ళయ్యాక ఏడేళ్ళే భర్తతో ఉంది. ఎనభై నాలుగేళ్ళ విధవరాలు, దేవాలయం విడిచిపెట్టలేదు. ఆమె గురించి ఉన్నవి మూడే వచనాలు. ఎన్ని పొద్దుల్లో ఆమెకు పాట రాలేదో లూకా రాయలేదు, కానీ పసివాడైన యేసును దేవాలయానికి తెచ్చిన గడియలో ఆమె అక్కడే ఉంది. నాకు అది చాలనిపించింది.

మన తెలుగు బైబిల్లో చాలాచోట్ల "ఆశ" అనకుండా "నిరీక్షణ" అంటారు. నిరీక్షణ అంటే ఎదురుచూడటం. నాటకం ఆడేవాళ్ళు ఎదురుచూడరు చెల్లె. పాట రాకున్నా ఆయన వస్తాడని వచ్చి కూర్చునేది వేషధారణ ఎట్లా అవుతుంది?

కరీంనగర్ తమ్ముడు:

అక్కా, నేను చిన్నవాణ్ణి, సలహా చెప్పేంత లేదు. మెదక్ చర్చి చూశారా? కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పోస్నెట్ అనే మిషనరీ దొరగారు మొదలుపెట్టించారు, 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. అందులో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. ఒకదాంట్లో యేసు పుట్టుక, ఒకదాంట్లో సిలువ, ఇంకోదాంట్లో ఆరోహణం, అంటే ఆయన పరలోకానికి ఎక్కిపోవడం. మా నాయనమ్మతో పోయినప్పుడు పొద్దుగూకింది, లోపలి నుంచి చూస్తే బొమ్మలు కనబడటం మానేశాయి. నేను అయ్యో అంటే ఆమె, "అవి ఎక్కడికీ పోలేదు, పొద్దున దాకా ఉందాం పా" అని ఆ చలిలో బయట దుప్పటి పరిచింది. పొద్దున లోపలికి పోతే మూడూ మళ్ళీ వెలిగాయి. మీ పోస్ట్ చదివితే ఆ రాత్రి గుర్తొచ్చింది, అందుకే రాశాను.

హన్మకొండ ఆడపడుచు:

అందరివీ అమ్మకు చదివి వినిపించాను. కాజీపేట పెద్దాయన గారూ, ఫిబ్రవరి 2న అమ్మను తీసుకొని వస్తాను. అక్కా, మీ చీపురు మాట దగ్గర అమ్మ చదవడం ఆపమంది, కాసేపయ్యాక మళ్ళీ చదవమంది.

రాత్రి నక్షత్రం దించాను. రెండు కొమ్మల దగ్గర కాగితం మొత్తం పోయింది, ఎలుకలు కొట్టినట్టున్నాయి. బద్దలు మాత్రం గట్టిగా ఉన్నాయి, బాపు వేసిన సుతిలి ముళ్ళు ఒక్కటీ ఊడలేదు. ఎర్ర గ్లాస్ పేపర్ కావాలి. చౌరస్తాలో ఈ టైంలో దొరుకుతుందా? అతికించడానికి బాపు మైదాపిండి ఉడికించేవాడు, నీళ్ళు ఎన్ని పోయాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

నర్సంపేట అక్క:

పిండి ఒక గ్లాసైతే నీళ్ళు నాలుగు. సన్న మంట మీద కలుపుతూనే ఉండు, ఉండ కట్టనీయకు. కొంచెం మైలుతుత్తం వేయి, పురుగు పట్టదు. చేతులు మాత్రం బాగా కడుక్కో.