అప్‌డేట్: ఫిఫ్త్‌వీల్‌ను ముప్పావు టన్ను ట్రక్ లాగగలదా? తేలింది

మా ముప్పావు టన్ను తరగతి పికప్ ట్రక్ టోయింగ్ రేటింగ్ (లాగగల బరువు) 15,000 పౌండ్లు ఉంది కదా, ఈ ఫిఫ్త్‌వీల్‌కు, అంటే ట్రక్ వెనక తొట్టిలోని హిచ్ (కొక్కెం)కు తగిలించే ట్రైలర్‌కు, సరిపోతుందా అని ఇంతకుముందు అడిగాను. బదులిచ్చిన అందరికీ థ్యాంక్స్. రెండుసార్లు తూకం వేయించమన్న సలహాతోనే లెక్క తేలింది.

హైవే పక్క ట్రక్ స్టాప్ కాటా మీద, మనుషులు, డీజిల్, హిచ్‌తో ట్రక్ ఒక్కటే 7,960 పౌండ్లు. సామాను నింపిన ట్రైలర్ తగిలిస్తే ట్రక్ ఇరుసుల మీద 10,380, ట్రైలర్ ఇరుసుల మీద 9,340. అంటే పిన్ బరువు (ట్రైలర్ ముందు పిన్ ద్వారా ట్రక్ మీద పడే భారం) 2,420, మొత్తం ట్రైలర్ 11,760. పిన్ వాటా ఇరవై శాతం పైనే. బ్రోషర్‌లో ఉండేది ఖాళీ ట్రైలర్ పిన్ బరువు, దాన్ని నమ్మకండి.

ట్రక్ జీవీడబ్ల్యూఆర్ (సొంత బరువు, దాని మీద పడే భారం కలిపి ఉండగల గరిష్ఠ బరువు) 10,000. లాగే శక్తి మిగిలే ఉంది, మోసే శక్తి మాత్రం 380 పౌండ్లు దాటిపోయింది.

వెనక సస్పెన్షన్‌కు బిగించే ఎయిర్ బ్యాగులు ట్రక్ వెనక భాగం కుంగకుండా చూస్తాయి గానీ రేటింగ్ పెంచవు.

చివరికి ఒక టన్ను తరగతి ట్రక్‌కు మారాం. డ్రైవర్ డోర్ పసుపు స్టిక్కర్‌లో పేలోడ్ (ట్రక్ మోయగల బరువు) 3,650. పిన్, మనుషులు, హిచ్ కలిపి 2,980. ఒకే మోడల్‌లోనూ ట్రిమ్‌ను బట్టి ఈ అంకె మారుతుంది, కాబట్టి కొనే బండి స్టిక్కరే చూడండి.