ఆముదం చెట్టు సామెత: మొక్కల వాళ్ళ మధ్య వచ్చిన పేచీ

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా ఊళ్ళో మొక్కల మీద ఇష్టం ఉన్నవాళ్ళం కొందరం ఆదివారాలు చెరువుగట్టు వెంట నడుస్తుంటాం. మిద్దెతోట పెంచే ఒకావిడ మొన్న నేలమీద పాకే రెండు మొక్కల్ని చూపించి, "ఇది గలిజేరు, అది అటికమామిడి. రెండూ ఒకటి కావు" అని మాకు చెబుతున్నారు. వృక్షశాస్త్రం బోధించి రిటైరైన పెద్దాయన ఒకరు నవ్వుతూ "ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం" అన్నారు. ఆ తర్వాత ఆవిడ నోరు విప్పలేదు. సరదాకి అన్నానంటారు ఆయన. అది అవమానమే అంటున్నారు మిగతావాళ్ళు. ఈ సామెతలో తిట్టు ఉందా? దీని మూలం ఎక్కడిది?

జవాబు:
ఎవరి మీద వేస్తారన్నదాన్ని బట్టి ఉంటుందండీ. "మా ఆఫీసులో తెలుగు టైపింగ్ వచ్చింది నాకొక్కడికే, ఆముదం చెట్టు లెక్క" అని తన గురించి తాను చెప్పుకుంటే వినయం. ఎదుటివాళ్ళ మీద, అదీ పదిమందిలో వేస్తే ఎత్తిపొడుపు.

జవాబు:
మూలం సంస్కృతం. హితోపదేశంలో ఉంది:

యత్ర విద్వజ్జనో నాస్తి శ్లాఘ్యస్తత్రాల్పధీరపి
నిరస్తపాదపే దేశే ఏరండోఽపి ద్రుమాయతే

పండితులు లేని చోట అల్పబుద్ధి కూడా మెప్పు పొందుతాడు, చెట్లు లేని దేశంలో ఆముదం కూడా చెట్టుగా చలామణీ అవుతుంది అని భావం. 'ద్రుమాయతే' నామధాతువు, అంటే నామవాచకం నుంచి పుట్టిన క్రియ, చెట్టులా ప్రవర్తిస్తుందని అర్థం. సంస్కృతం ఆముదాన్ని మామూలు చెట్టు దాకానే తీసుకెళ్ళింది. మహావృక్షం చేసింది మనమే. వెటకారంలో మనవాళ్ళు ఎప్పుడూ ఒక మెట్టు ఎక్కువే.

తెలుగు సామెతలో శ్లోకం మొదటి పంక్తి రాలేదు కాబట్టి అల్పబుద్ధి అన్న మాట పైకి వినపడదు. కానీ సంస్కృతం వచ్చినవాళ్ళకి ఆ పంక్తి గుర్తుకు రాకుండా ఉండదు. తిట్టు ఉందా అని అడిగారు కదా, ఉంది.

ఇంకో సంగతి. 'నిరస్త' అంటే ఉత్త 'లేని' కాదు. నిర్ అనే ఉపసర్గ మీద 'అస్', అంటే విసిరేయడం అనే ధాతువు చేరి వచ్చిన మాట. తోసేసిన, వెళ్ళగొట్టిన అని అర్థం. మనం ధర్నాలకు వాడే 'నిరసన' కూడా అక్కడిదే, పాత తెలుగులో నిరసించడం అంటే చులకన చేయడం. కాబట్టి నిరస్తపాదప దేశం అంటే చెట్లు తొలగిపోయిన దేశం. అవి ఎలా తొలగిపోయాయో శ్లోకం చెప్పదు. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళను ఇలా నోరు మూయిస్తూ పోతే మొక్కల నడకలు కూడా అలాగే ఖాళీ అవుతాయని నాకనిపిస్తుంది.

పైగా సామెత పనిచేయాలంటే అక్కడ పండితుడు ఉండకూడదు. ఆ రోజు ఆయన అక్కడే ఉన్నారు!

జవాబు:
మాస్టారి వైపు కూడా కాస్త చూడండి. నేనూ బోటనీ వాణ్ణే. గలిజేరు పేరుతో ఫోన్లో తిరిగే కిడ్నీ వైద్యాలు చూస్తే నాకు టెన్షన్. అటికమామిడి బోయరావియా డిఫ్యూసా, బోగన్‌విలియా కుటుంబం. గలిజేరు ట్రయాంథిమా పోర్టులకాస్ట్రమ్, దాని కుటుంబమే వేరు. కొన్నిచోట్ల మొదటిదాన్ని ఎర్ర గలిజేరనీ అంటారు, గొడవంతా అక్కడే. రెండూ నేలబారువి, రెండింటికీ ఎదురెదురు ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పేరు నమ్ముకుని ఏరుకొచ్చి వండుకుంటే ఏది తింటున్నామో తెలియదు. అందుకే మేం లాటిన్ పేరు పట్టుకుని వేలాడతాం, అది డాబు కాదు.

అయితే ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళూ సరైనదే. ఎలా గుర్తుపట్టారో అడిగారా?

ప్రశ్న అడిగినవారు:
అడిగామండి. అటికమామిడి కాయలు జిగటగా ఉండి చీర కుచ్చిళ్ళకు అంటుకుంటాయట. గలిజేరు పువ్వు కాడ లేకుండా ఆకు మొదట్లో ఇరుక్కుని ఉంటుందట.

జవాబు:
ఇంకేం కావాలి! అవి రెండూ మా పుస్తకాల్లో రాసే లక్షణాలే. ఆవిడ మాటల్లో చెబితేనే పిల్లలకు బాగా ఎక్కుతుంది.

జవాబు:
ఆలస్యంగా వచ్చాను. తెలుగు మొక్కల పేర్లను పుస్తకాలకు ఎక్కించినవాళ్ళంతా బోటనీ పండితులు కారు. 1859లో మద్రాసులో అచ్చయిన ఫ్లోరా ఆంధ్రికా ఉత్తర సర్కారుల తెలుగు పేర్లకు శాస్త్రీయ నామాలు జత చేసిన జాబితా. రాసిన వాల్టర్ ఎలియట్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, అమరావతి శిల్పాలు తవ్వించింది ఈయనే. అంతకుముందు 1781 నుంచి సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ అసలు సిసలు నిపుణుడు. ఆయన కూడా మొక్కలకు తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి మందని ఇక్కడివాళ్ళు వాడేవారు. జ్వరానికి వాడే సింకోనా బెరడుకు బదులు పనికొస్తుందేమోనని ఆయన పరీక్షించాడు. ఆ చెట్టు శాస్త్రీయ నామం ఇప్పుడు సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. మొదటి మాట మన సోమిదే.

మలబారులో డచ్చి గవర్నర్ వాన్ రీడ్ ఇంకో అడుగు ముందుకేశాడు. అక్కడి మొక్కల మీద ఆయన వేయించిన హోర్టస్ మలబారికస్ మొదటి సంపుటంలోనే, మొక్కలు చెప్పిన ఇట్టి అచ్యుతన్ అనే నాటువైద్యుడి ధ్రువీకరణ పత్రాన్ని ఆయన లిపిలోనే అచ్చు వేయించాడు.

జవాబు:
సోమిదను సోమి అని కూడా విన్నాను. మీ మీ ఊళ్ళలో ఏమంటారో రాయండి. చెట్టు ఫోటో కూడా పెడితే మంచిది, బెరడు కనపడేలా.