పెళ్ళయిన మగవాళ్ళకి ఒక కూటం: పాటలు, ప్రసంగం కాకుండా ఎలా నడపాలి?

అడిగినవారు: నాగావళి ఒడ్డు, రాయగడ

అందరికీ వందనాలు. మా తెలుగు సంఘంలో 25 నుంచి 45 ఏళ్ళ మగవాళ్ళకి ఒక కూటం పెట్టమని పెద్దలు అన్నారు. స్త్రీల సమాజం వారం వారం నడుస్తుంది, యవ్వనస్తులదీ నడుస్తుంది. పెళ్ళయిన మగవాళ్ళకే ఏమీ లేదు. ఆదివారం వెనక బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం అవగానే బండి తీస్తారు. పేపర్ మిల్లులో, రైల్వేలో షిఫ్టులు. కొందరికి తాగుడుంది. కొందరికి "భర్త శిరస్సు" అన్న మాట తప్ప బైబిల్లో ఇంకేదీ గుర్తుండదు. ఇంకొందరు మెతక మనుషులు, గొడవలకి పోరు, అందుకే చేతకానివాళ్ళని బయట మాటలు పడతారు. వీళ్ళ గురించే నాకు ఎక్కువ బాధ. పైగా ఒడియా వాళ్ళకి మనం తెలింగా వాళ్ళం, పార్వతీపురం చుట్టాలకి ఒడిశా వాళ్ళం, పూజ చందా అడిగేవాళ్ళకి కిరస్తానీలం. వీళ్ళందరూ కూర్చుని మనసు విప్పి మాట్లాడుకోవాలంటే ఎంతమంది, ఎంతసేపు, ఏ వాక్యభాగాలు? ఎక్కడ చెడుతుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

సంఘ పెద్ద, బరంపురం

ఆరుగురు, మహా అయితే ఎనిమిదిమంది. తొమ్మిదో మనిషి వచ్చాడంటే ఇద్దరు మాట్లాడడం మానేస్తారు, ఒకరు ప్రసంగం మొదలుపెడతారు. ఎక్కువమంది ఉంటే రెండు గుంపులు చేయండి.

షిఫ్టుల వాళ్ళతో "ప్రతి శుక్రవారం 7 గంటలకి" అని పెడితే నెలలో మూడో వంతుమంది డ్యూటీలోనో నిద్రలోనో ఉంటారు. ఒకే కూటాన్ని వారంలో రెండుసార్లు పెట్టండి: మధ్యాహ్నం రెండున్నరకి ఒకటి, రాత్రి ఏడున్నరకి ఒకటి. భాగం అదే, ప్రశ్నలు అవే. ఎవరికి ఏది కుదిరితే దానికి వస్తారు. 75 నిమిషాలు దాటొద్దు. రాత్రి డ్యూటీ దిగినవాణ్ణి అదే పొద్దున పిలవొద్దు, సగం నిద్రలో ఉన్న మనిషి ఏం చెప్పగలడు?

చర్చి హాల్లో వద్దు. ఇళ్ళలో కూడా వద్దు, పక్క గదిలో ఆడవాళ్ళుంటే ఎవరూ నోరు విప్పరు. స్కూలు గది, చర్చి వరండా, ఏదైనా సరే. కుర్చీలు గుండ్రంగా వేయండి. మైకు, పుల్పిట్ ఉండకూడదు. అయ్యగారిని (పాస్టరుని) నెలకి ఒకసారి పిలవండి, నాలుగు వారాలూ కాదు. ఆయన ఉంటే అందరూ సరైన జవాబులే చెబుతారు.

మొదటి నాలుగు వారాలకి 13వ కీర్తన చాలు. ఆరే వచనాలు. 1, 2లో ఎంతకాలమని దేవుణ్ణే నిలదీయడం, 3, 4లో అడగడం, 5, 6లో నమ్మకం. ఒక్కొక్కరికీ కాగితం ఇచ్చి పది నిమిషాలు మొదటి రెండు వచనాల పద్ధతిలో తన ఫిర్యాదు రాయమనండి. ఇక్కడే చెడుతుంది: మనవాళ్ళు తిన్నగా ఐదో వచనానికి దూకి "దేవుడు మేలు చేశాడు" అనేస్తారు. ఆపండి. ఐదో వచనం నాలుగో వారం వరకూ రాకూడదు. రాసింది చదవమని బలవంతపెట్టొద్దు, కాగితం ఎవరిది వాళ్ళే తీసుకెళ్ళాలి.

మెతకవాళ్ళ సంగతికి యోహాను 11, 35వ వచనం తీయండి. లాజరు సమాధి దగ్గర యేసు అందరి ముందూ ఏడ్చాడు. మత్తయి 26లో, గెత్సేమనేలో, ముగ్గురు స్నేహితులని తనతో మెలకువగా ఉండమని అడిగాడు. దేవాలయంలో వ్యాపారుల బల్లలు పడదోసినవాడూ ఆయనే. ఈ మూడూ ఒకే వారంలో చదివితే, గట్టిగా అరిచేవాడే మగాడు అన్న లెక్క దానంతట అదే కూలుతుంది. వాదించక్కర్లేదు.

వంశధార, గుణుపూర్

శిరస్సు విషయం తప్పించుకోకండి, ఎనిమిదో వారంలోపే తీయండి. ఎఫెసీ 5ని 22 దగ్గర మొదలుపెట్టొద్దు, 21 దగ్గర మొదలుపెట్టండి, అక్కడ ఒకరికొకరు లోబడమని ఉంది. ఆ తర్వాత భార్యలకి మూడు వచనాలు, భర్తలకి 25 నుంచి 33 వరకూ. ఒక నియమం పెట్టండి: ఎవరికి రాసిన వచనం వాళ్ళే చదువుకోవాలి. మగవాళ్ళ కూటంలో 22 మీద చర్చ లేదు. భార్య లోబడట్లేదని ఎవరైనా మొదలెడితే "అది ఆమెకి రాసిన ఉత్తరం, నీది చదువు" అనండి. 1 పేతురు 3:7 కూడా కలపండి: భార్యని గౌరవించకపోతే నీ ప్రార్థనకే అడ్డమని అక్కడ సూటిగా ఉంది. గంటసేపు ప్రార్థన చేసేవాళ్ళకి ఈ మాట బాగా తగులుతుంది.

దాన్ని చేతల్లోకి తేవాలంటే డబ్బు దగ్గర మొదలుపెట్టాలి. ఒక కాగితం మీద ఆరు వరసలు: చేతికొచ్చిన జీతం, అప్పు కిస్తీలు, ఇంటి ఖర్చు, కానుక, అమ్మానాన్నలకి పంపేది, తన జేబు ఖర్చు. భార్య ముందు కూర్చుని నింపాలి, కూటానికి తేవక్కర్లేదు. నింపావా లేదా అన్నదే కూటంలో అడగాలి. తేలేది ఎక్కువసార్లు ఒకటే: మిషన్ శక్తి సంఘంలో (ఒడిశాలో ఆడవాళ్ళ పొదుపు సంఘం), ఫైనాన్సు వాళ్ళ దగ్గర భార్య పేరు మీద తీసిన అప్పు వాడింది భర్త, వారం వారం సంఘంలో మాట పడేది భార్య. ఆ కిస్తీ తారీఖున డబ్బు తనే తెచ్చి ఇవ్వాలి. ఎఫెసీ 5:25 మా ఊళ్ళలో అలా కనపడుతుంది.

కట్నం మాట కూడా రావాలి. 1961 నుంచి తీసుకోవడం, ఇవ్వడం, అడగడం కూడా నేరమే, "కానుక" అని పేరు మార్చినా అంతే. పెళ్ళికాని తమ్ముళ్ళున్నవాళ్ళని ఈ వారం తప్పక రమ్మనండి.

వార్డు అక్క, కోరాపుట్

మగవాళ్ళ చర్చలోకి వచ్చినందుకు ఏమనుకోకండి, చెప్పకపోతే ప్రాణం మీదికొస్తుంది.

రోజూ తాగే మనిషి కూటంలో కన్నీళ్ళతో ఒట్టు పెట్టి ఆ రాత్రే పూర్తిగా మానేస్తాడు. అందరూ స్తోత్రం అంటారు. మానేసిన ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు చేతులు వణుకుతాయి, చెమటలు, వాంతి, నిద్ర ఉండదు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనపడడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం, జ్వరం, గుండెదడ మొదలవ్వచ్చు. దాన్ని దయ్యం అనుకుని గదిలో పెట్టి ఉపవాస ప్రార్థన చేస్తే మనిషి చచ్చిపోవచ్చు. అది తాగుడు ఒక్కసారిగా ఆగినందువల్ల మెదడు పడే అవస్థ. ఇప్పసారా అయినా, జీలుగు కల్లు అయినా, సీసా మందైనా ఒళ్ళు చేసే పని ఒకటే.

అందుకని రోజూ తాగేవాడు, పొద్దున్నే వణుకు తగ్గడానికి తాగేవాడు, ఇదివరకు మానేసినప్పుడు మూర్ఛ వచ్చినవాడు ఇంట్లో ఒక్కసారిగా మానకూడదు, ఆసుపత్రిలో మానాలి. జిల్లా ఆసుపత్రి ఉంది, మీ జిల్లాలోనే బిస్సంకటక్‌లో క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది. డ్యూటీ డాక్టరుకి ఆఖరిసారి ఎప్పుడు తాగాడో, రోజుకి ఎంతో దాచకుండా చెప్పాలి. గ్లూకోజు ఎక్కించేముందు విటమిన్ బీ1 ఇంజక్షన్ గురించి అడగండి. కూటంలోంచి ఇద్దరు మారి మారి పక్కన కూర్చోవాలి. ప్రార్థన మంచం పక్కనే చేయండి, ఎవరు వద్దంటారు?

ఇక "ఇక్కడ చెప్పింది బయటికి పోదు" అని మాట ఇస్తారు కదా, మొదటి రోజే దానికి హద్దులు చెప్పండి. పిల్లల మీద లైంగిక హింస తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పితీరాలి, పిల్లల సహాయ నంబరు 1098కి కూడా ఫోన్ చేయొచ్చు. భార్యని కొడుతున్నాడని తెలిస్తే కూటంలోనే క్షమాపణ చెప్పించి ముగించొద్దు. ముందు ఆమె క్షేమంగా ఉందా అని ఒక స్త్రీ వెళ్ళి అడగాలి, స్త్రీల సహాయ నంబరు 181 ఆమె చేతికి అందాలి. చచ్చిపోవాలని ఉందన్నవాణ్ణి ఒంటరిగా ఇంటికి పంపొద్దు. మనసు బాగోలేనివాళ్ళకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలిమానస్ 14416, ఏ వేళైనా పలుకుతుంది.

లోకోషెడ్

గుర్తింపు గురించి ఎవరూ రాయలేదు, అందుకని రాస్తున్నాను.

సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ. మిల్లులో, షెడ్డులో, గ్యారేజీలో అందరి ముందూ మనవాడి విశ్వాసం పరీక్షకి వచ్చే రోజు అదే. ఆ వారం ముందు కూటంలో 1 కొరింథీ 8, 10:23-33, రోమా 14 చదవండి. మిషన్ తుడవడం, పని స్థలం శుభ్రం చేయడం, భోజనాల ఖర్చుకి వంతు ఇవ్వడం వేరు, హారతి పట్టడం వేరు. ప్రసాదం దగ్గర మన సంఘాల్లోనే తేడాలున్నాయి. కూటం తీర్పు చెప్పొద్దు. ఒక్కొక్కరూ తన హద్దు ఏదో ముందే అనుకుని, ఆ రోజుకి ముందే ఫోర్‌మన్‌తో మర్యాదగా చెప్పుకోవాలి. ఆ రోజు ఆ వేళకి చెబితే అవమానించినట్టు ఉంటుంది, సెలవు పెట్టి తప్పించుకుంటే పిరికితనంలా ఉంటుంది.

రెండోది కాగితాల సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణలు కలిపి చూస్తే ఎస్సీ హోదా హిందువులకి, సిక్కులకి, బౌద్ధులకే. ఎస్టీకి మతంతో పని లేదు. అందుకే ఒకే బెంచీలో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి బాప్తిస్మం వల్ల కాగితం మీద ఏమీ మారదు, ఇంకొకరికి పిల్లల సీటు, ఉద్యోగం కదులుతాయి. ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఇంకో పేరు మోస్తున్న మనిషి లోపల నలుగుతుంటాడు. కుటుంబాన్ని పోషించాలన్నది 1 తిమోతి 5:8, మనుషుల ముందు ఒప్పుకోవాలన్నది మత్తయి 10:32. రెండూ అతని మీదే ఉన్నాయి. అతన్ని పిరికివాడనే హక్కు ఎస్టీ సోదరుడికి గానీ, పుట్టు క్రైస్తవుడైన ఓసీకి గానీ లేదు. కూటంలో ఎవరి సర్టిఫికెట్ ఏదని అడగొద్దు. ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టొద్దు. అతను మాట్లాడాలనుకున్నప్పుడు వినండి.

నాగావళి ఒడ్డు

అందరికీ చాలా కృతజ్ఞతలు, వార్డు అక్కకి మరీను. ఇంకొక్కటి. ఇక్కడే చదువుకున్న కుర్రాళ్ళు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. చదవమంటే సిగ్గుపడి వచ్చేవారం రావట్లేదు. ఏం చేయాలి?

సంఘ పెద్ద, బరంపురం

వంతులవారీగా చదివించడం ఈరోజే ఆపేయండి. గొంతు బాగున్నవాళ్ళు ఇద్దరు చదవాలి, ఒకరు తెలుగులో, వెంటనే ఇంకొకరు ఒడియాలో. మిగతావాళ్ళు పుస్తకం మూసి వినాలి. భాగం 12 వచనాలు దాటకుండా చూడండి. తర్వాత విన్న సంగతిని ఒకరు సొంత మాటల్లో చెప్పాలి, తప్పిపోయినవి మిగతావాళ్ళు కలపాలి. కీర్తన రాసే వారం ఒడియాలో రాసినా, రాయకుండా నోటితో చెప్పినా సరే అని ముందే అనండి. ఒడియా బైబిల్ చదివే పని మొదట ఈ కుర్రాళ్ళకే ఇవ్వండి.