అమ్మాయిల రెసిడెన్షియల్ క్యాంపస్‌లో ఇంటర్: చేర్చే ముందు ఏం అడగాలి?

ప్రశ్న — ఒక తల్లి, ఖమ్మం జిల్లా

మా పెద్దమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాసింది. బైపీసీలో చేరి నీట్ రాయాలన్నది తన సొంత కోరిక. మేము బలవంతపెట్టింది కాదు. పరీక్షలు మొదలు కాకముందే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇంటికి వచ్చి, ఇప్పుడే సీటు బుక్ చేసుకుంటే ఫీజులో రాయితీ వస్తుందని తొందరపెట్టారు. హైదరాబాద్‌లో ఒక గర్ల్స్ క్యాంపస్‌ను వెళ్లి చూశాం. రిసెప్షను, ఏసీ తరగతి గది, ర్యాంకుల ఫ్లెక్సీలు అన్నీ చూపించారు కానీ, స్టడీ అవర్ నడుస్తోందన్న కారణం చెప్పి హాస్టల్ అంతస్తుల్లోకి మాత్రం రానివ్వలేదు. గోడమీది టైంటేబుల్ ఉదయం ఐదింటికి మొదలై రాత్రి పదిన్నరకు ముగుస్తోంది. అందులో ఆటలకు అరగంట అని రాసి ఉంది. ఆడుకునే స్థలం ఎక్కడుందో మాకు కనబడలేదు.

ఆడపిల్లలు మాత్రమే ఉండే చోటు కాబట్టి భద్రంగా ఉంటుందని మావారి నమ్మకం. నా దిగులు వేరు. మా అమ్మాయి కష్టపడి చదువుతుంది కానీ, ఎవరితోనైనా పోల్చి మాట్లాడితే రెండు రోజులు ముడుచుకుపోతుంది. బొమ్మలు వేసుకోవడం తనకు ప్రాణం. ఇటువంటి పిల్ల అక్కడ నిలదొక్కుకుంటుందా? చేర్చే ముందు మేము ఏ విషయాలు అడిగి తెలుసుకోవాలి?

జవాబు — విశ్రాంత బోటనీ లెక్చరర్, వరంగల్

అమ్మా, అందరూ ఎన్ని గంటలు చదివిస్తారని అడుగుతారు. మీరు సెక్షన్లు ఎలా విడదీస్తారని అడగండి. చాలా క్యాంపస్‌లలో వారాంతపు పరీక్ష మార్కులను బట్టి పిల్లలను పై సెక్షన్‌కో కింది సెక్షన్‌కో మారుస్తుంటారు. మంచి అధ్యాపకులు పై సెక్షన్‌కే వెళతారు కాబట్టి, కిందికి దిగిన పిల్ల మార్కులతో పాటు తనకు అర్థమయ్యేలా చెప్పే మాస్టారినీ, పక్క మంచం స్నేహితురాలినీ పోగొట్టుకుంటుంది. పోలికకు ముడుచుకుపోయే పిల్లను కుంగదీసేది పదహారు గంటల చదువుకన్నా నోటీసు బోర్డు మీద అంటించే ఆ సెక్షన్ల జాబితాయే.

మరొక మాట. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఇంటర్ బోర్డు పరీక్ష ఇందుకు పూర్తిగా భిన్నం; రెండు, నాలుగు, ఎనిమిది మార్కుల ప్రశ్నలకు వాక్యాల్లో జవాబులు రాయాలి. మెడికల్ సీటు నీట్ ర్యాంకు మీద వస్తుంది. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ కోటా పిల్లలకు 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉంటే అర్హత సరిపోతుంది. అయినా మొదటి ఏడాది 440కి 435 దాటాలని పిల్లలను రాత్రింబవళ్లు ఎందుకు తోముతారంటే, ఆ అంకె మరుసటి ఏడాది ఫ్లెక్సీకి కావాలి. మీ అమ్మాయి సీటుకు అవసరమైన ఒత్తిడి ఏది, కాలేజీ ప్రచారానికి అవసరమైన ఒత్తిడి ఏది అన్నది మీరు విడదీసి చూడగలిగితే సగం బరువు అక్కడే దిగుతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకుని వెళ్లండి. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు ఐదు గంటలకు మించి కోచింగ్ వద్దని, వారానికో సెలవు ఉండాలని ఉంది కానీ, అవి కోచింగ్ సెంటర్లకు కదా, మాది జూనియర్ కాలేజీ కదా అని యాజమాన్యాలు తప్పుకునే వీలుంది. 2025 జులైలో సుప్రీంకోర్టు ఆ సందు కూడా మూసేసింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక బాలిక మరణంపై వచ్చిన కేసులో, స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నింటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానుకోవాలని అందులో ఉంది. కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో క్యాంపస్‌లో ఉంటారని అడగండి. ఫ్లోర్ ఇన్‌చార్జే కౌన్సెలర్ అని చెప్పారంటే కౌన్సెలర్ లేరనే అర్థం.

జవాబు — ఒక తల్లి, ప్రకాశం జిల్లా

లెక్చరర్ గారు చెప్పినవన్నీ నిజమే అయినా, ఇల్లే స్వర్గం అన్నట్టు మాట్లాడుకోవడం నాకు నచ్చదు. మా ఊరి నుంచి కాలేజీకి వెళ్లాలంటే బస్సు మీద గంటకు పైగా ప్రయాణం. ఇంటికి వచ్చాక ఆడపిల్లకు పుస్తకం తెరిచే తీరిక ఎవరిస్తున్నారు? చుట్టాలు వస్తే టీ పెట్టాలి, తమ్ముడికి హోంవర్క్ చూడాలి, అమ్మకు ఒంట్లో బాగోలేకపోతే వంట చేయాలి. అదే మగపిల్లవాడైతే "చదువుకుంటున్నాడు, కదిలించకండి" అంటాం. మా అమ్మాయి హాస్టల్‌కు వెళ్లిన మొదటి నెలలో ఫోనులో అన్న మాట, "ఇక్కడ నన్నెవరూ మధ్యలో లేపట్లేదమ్మా" అని. అక్కడ ఒత్తిడి లేదని అనను. మా అమ్మాయికి జుట్టు రాలింది, బరువూ తగ్గింది. కానీ ఇంటి దగ్గర డే స్కాలర్‌గా చదివించదలచుకుంటే, ఆ రెండేళ్లూ పిల్లకు పనులు చెప్పకూడదని ముందుగా మీ అత్తగారికీ, మీవారికీ తెలిసేలా ఒప్పందం చేసుకోండి.

జవాబు — పూర్వ విద్యార్థిని, ప్రస్తుతం ఎంబీబీఎస్

అక్కా, నేను అటువంటి గర్ల్స్ క్యాంపస్‌లోనే రెండేళ్లు ఉన్నాను. టైంటేబుల్లో ఉదయం ఐదు అని ఉంటే, బాత్రూం వరుస కోసం మేము నాలుగున్నరకే లేచేవాళ్లం. అంతస్తుకు ఎంతమంది పిల్లలు, ఎన్ని బాత్రూములు, నీళ్లు ఏ వేళల్లో వస్తాయి అని తప్పకుండా అడగండి. తరగతి మధ్యలో బయటకు వెళితే సంజాయిషీ చెప్పుకోవాలని చాలామంది మంచినీళ్లే తాగడం తగ్గించేవారు. దాంతో మూత్రంలో మంట, జ్వరం, ఆపై సిక్ రూములో పారాసిటమాల్. నెలసరి రోజుల్లో కడుపునొప్పితో పడుకోవాలన్నా వార్డెన్‌కు వివరంగా చెప్పాలి, ఆ గంట స్టడీ అవర్‌కు గైర్హాజరు పడుతుంది. అంతా ఆడవాళ్లే ఉండే చోటే కదా అని ఈ విషయాలను ఎవరూ అడగరు. మన రాష్ట్రాల్లో సగం మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది కాబట్టి, చేర్చే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. కళ్లు తిరుగుతున్నాయని పిల్ల చెబితే చదువు ఎగ్గొట్టే సాకు అని కొట్టిపారేయకండి.

ఫోను సంగతి మరొకటి. మాట్లాడుతుంటే వెనుక వరుసలో పదిమంది, పక్కన ఇన్‌చార్జ్ మేడం ఉంటారు. అక్కడ ఏడవలేం, ఉన్నది చెప్పలేం. మా నాన్నా నేనూ ముందే ఒక గుర్తు అనుకున్నాం. "నాయనమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అని నేను అడిగితే ఆ వారంలోనే వచ్చి ఔటింగ్‌కు తీసుకెళ్లాలని దాని అర్థం. ఆయన ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. బొమ్మల పుస్తకం కూడా పెట్టెలో పెట్టి పంపండి. జువాలజీ రికార్డు పక్కన ఉంటే ఎవరూ పట్టించుకోరు. దిగులు మరీ ఎక్కువైతే, పిల్లకైనా మీకైనా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు ఉండదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మళ్లీ క్యాంపస్‌కు వెళుతున్నాం, ఈసారి అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని. హాస్టల్ అంతస్తు చూపించకపోతే అడ్వాన్సు కట్టేది లేదని మావారు కూడా ఒప్పుకున్నారు. లెక్చరర్ గారూ, మధ్యలో మానేయవలసి వస్తే ఫీజు మాటేమిటి?

జవాబు — విశ్రాంత బోటనీ లెక్చరర్, వరంగల్

రాయితీ ఆశ చూపి ఏడాది ఫీజంతా ఒకేసారి కట్టమంటారు, కట్టకండి. వాయిదాల్లోనే కట్టి, ప్రతిసారీ కాలేజీ పేరుతో రసీదు తీసుకోండి. మానేస్తే ఎంత తిరిగిస్తారో దరఖాస్తు మీదే రాయించి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టించండి. పీఆర్వో నోటిమాట చేరిన మర్నాటి నుంచి చెల్లదు.