‘నోర్తెయాదో’ చూసి నవ్వినవాళ్ళూ, లేచిపోయినవాళ్ళూ

నేలటికెట్టు:
మా ఫిల్మ్ క్లబ్‌లో మొన్న ‘నోర్తెయాదో’ వేశాం. 2009 నాటి మెక్సికో సినిమా, దర్శకుడు రిగొబెర్తో పెరెస్‌కానో. చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో: దక్షిణ మెక్సికోలోని ఓహాకా నుంచి ఆంద్రెస్ అనే కుర్రాడు అమెరికా వెళ్దామని బయల్దేరతాడు. ఎడారిలో చిక్కుకుంటాడు, బోర్డర్ పాట్రోల్, అంటే అమెరికా సరిహద్దు పోలీసు దళం, పట్టుకుని వెనక్కి పంపేస్తుంది. సరిహద్దు ఊరు తిహువానాలో ఏలా అనే ఆవిడ కిరాణా కొట్లో పనికి కుదురుతాడు. మళ్ళీ ప్రయత్నిస్తాడు, మళ్ళీ దొరుకుతాడు. చివరికి అతన్ని ఒక సోఫా కుర్చీ లోపల దాచి దాటించాలని చూస్తారు. అక్కడ హాలు సగం పగలబడి నవ్వింది. ముగ్గురు మాత్రం “ఇందులో నవ్వేందుకు ఏముంది” అని లేచి వెళ్ళిపోయారు. బయట టీ కొట్టు దగ్గర గొడవ తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ప్రాణాల మీదికి వచ్చే ప్రయాణాన్ని కామెడీగా తీయొచ్చా? నేనైతే తీయొచ్చనే అంటా.

గోదారిగట్టు:
ఆ ముగ్గురిలో నేనొకణ్ణి, దాచుకోను. అన్నా, ఐక్యరాజ్యసమితి వలసల సంస్థ లెక్క చూడండి. 2022 ఒక్క ఏడాదిలోనే ఆ అమెరికా-మెక్సికో సరిహద్దులో 686 మంది చనిపోయారు లేదా ఆచూకీ లేకుండా పోయారు. అందులో దాదాపు సగం సోనోరా, చివావా ఎడారుల్లోనే. ప్రపంచంలో ఇంత ప్రమాదకరమైన భూమార్గం ఇంకోటి లేదని ఆ సంస్థే చెప్పింది. ఇదేమీ వాతావరణం చేసిన పని కాదు. 1994 అక్టోబరులో అమెరికా ‘ఆపరేషన్ గేట్‌కీపర్’ పేరుతో తిహువానాకి అవతలున్న సాన్ డియేగో వైపు దారులు బిగించింది. జనం ఆగలేదు, తూర్పున కొండల్లోకి, ఎడారిలోకి మళ్ళారు. తిహువానా గోడ మీద శవపేటికలు తగిలించి, ఒక్కోదాని మీద ఒక్కో సంవత్సరం, ఆ ఏడాది పోయినవాళ్ళ సంఖ్య రాశారు. ఆ గోడ ఉన్న ఊళ్ళో నడిచే కథ చూస్తూ సోఫాకి ఈలలు వేస్తారా? ఎలా వచ్చిందసలు ఆ నవ్వు?

పాప్‌కార్న్ దండగ:
కామెడీ అని చెప్పి కూర్చోబెట్టారు. మాట్లాడరు, నడుస్తారు. ఆగుతారు, మళ్ళీ నడుస్తారు. నా పక్కాయన గురక పెట్టాడు, నాకు ఆ రోజు వచ్చిన నవ్వు దానికే.

డల్లాస్ బాబాయ్:
నా బాధ వేరు. గ్రీన్ కార్డు లైన్లో నిలబడే నా జుట్టు నెరిసింది. ఏ దేశానికైనా ఏడు శాతమే అని పరిమితి పెట్టారు, మనవాళ్ళ వంతు ఎప్పటికొస్తుందో దేవుడికే తెలియాలి. పన్నులన్నీ కట్టి, కాగితాలన్నీ పెట్టి ఎదురుచూసేవాడికి, దొడ్డిదారిన దూరేవాణ్ణి చూసి ‘అయ్యో పాపం, భలేవాడే’ అనబుద్ధి కాదు. బాగా తీశాడు, కాదనను. కానీ హీరో మీద నాకు జాలి కలగలేదు.

రెండోఆట:
బాబాయ్, మీకు లైనైనా ఉంది. ఆంద్రెస్‌కి అదీ లేదు. పెద్దగా శిక్షణ అక్కర్లేని పనులు చేసేవాళ్ళకి అమెరికా ఇచ్చే శాశ్వత వీసాలు ఏడాదికి 10,000 దాటకూడదని చట్టం. అదీ ప్రపంచం మొత్తానికి కలిపి! ఓహాకాలో మొక్కజొన్న పండించేవాడికి అందులో ఎన్నో వంతు? 1994 జనవరిలో నాఫ్టా, అంటే అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. అమెరికా సబ్సిడీ మొక్కజొన్న చౌకగా వచ్చి పడి అక్కడి చిన్న రైతుకి గిట్టుబాటు పోయింది. అదే ఏడాది అక్టోబరులో గేట్‌కీపర్. సరుకుకి తలుపు తీసిన సంవత్సరమే మనిషికి గొళ్ళెం పెట్టారు. సినిమాలో ఉన్న వెటకారమంతా ఈ వ్యవస్థ మీదే, కుర్రాడి మీద కాదు.

ఇక గోదారిగట్టూ, ఆ సోఫాని దర్శకుడి చిలిపి ఊహ అనుకుంటున్నావేమో. 2001లో అదే సరిహద్దు మీదున్న సాన్ ఇసిద్రో చెక్‌పోస్టు దగ్గర వ్యాన్ సీటు లోపల దాక్కుని నిజంగానే ఒక మనిషి దొరికాడు. కవరు విప్పితే సీటు ఆకారంలోనే కూర్చుని ఉన్నాడు. ఆ ఫోటో పత్రికల్లో వచ్చింది. చూస్తే ముందు నవ్వే వస్తుంది. ఊపిరెలా ఆడింది, ఎంతసేపు అలా ఉన్నాడు అన్న ప్రశ్నలు ఆ తర్వాతే.

సరిహద్దు మీద నవ్వడం అక్కడివాళ్ళకి కొత్త కాదు. టిన్ టాన్ అనే హాస్యనటుడు సరిహద్దు ఊరైన సివుదాద్ హువారెస్‌లో రేడియోతో మొదలుపెట్టి, స్పానిషూ ఇంగ్లీషూ కలగాపులగంగా మాట్లాడుతూ 1940లలో మెక్సికో అంతటినీ నవ్వించాడు. 1987లో మెక్సికన్ మూలాలున్న అమెరికన్ హాస్యనటుడు చీచ్ మారిన్ తీసిన ‘బార్న్ ఇన్ ఈస్ట్ ఎల్.ఏ.’లో అయితే లాస్ ఏంజెలెస్‌లో పుట్టినవాణ్ణే దగ్గర కాగితం లేదని తిహువానాలో వదిలేస్తారు. చివర్లో జనమంతా ఒక్కసారిగా కొండ దిగి పరుగెత్తుతుంటే ఇద్దరు బోర్డర్ పాట్రోల్ వాళ్ళు గుడ్లప్పగించి చూస్తారు.

గోదారిగట్టు:
చీచ్ మారిన్ పుట్టి పెరిగింది ఆ జనంలోనే. అతని సినిమాలో నవ్వు కింద కోపం కుతకుతలాడుతుంటుంది. ఇక్కడ అది ఏది? అంతా మెత్తగా, బీరు తాగుతూ, డాన్సు చేస్తూ పోతుంది. తిహువానాలో చేరాక ఎడారి ఊసే తగ్గిపోతుంది. నా అభ్యంతరం అదే.

జగిత్యాల అక్క:
మీరంతా ఆంద్రెస్ వెనకే తిరుగుతున్నారు. ఆ కొట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు కదా, ఏలా, ఆమె దగ్గర పనిచేసే కాతా. ఇద్దరి మొగుళ్ళూ అమెరికా వెళ్ళినవాళ్ళే, మళ్ళీ రాలేదు. నేను సినిమా చూసింది వాళ్ళ కోసం.

మా వైపు సగం ఇళ్ళల్లో ఒకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. సెలవు దొరికిన రోజు ఇమోలో వీడియో కాల్ వస్తుంది. సిగ్నల్ సరిగ్గా అందాలని మా పక్కింటి వదిన డాబా మెట్ల మీద కూర్చుని, ఫోన్‌ని నీళ్ళ డ్రమ్ముకి ఆనించి మాట్లాడేది. ఆయన ఖల్లివల్లి అయ్యాడు. అంటే కంపెనీ వదిలేసి, కాగితాల్లేకుండా బయట పని చేసుకుంటున్నాడు. 2018లో యూఏఈ కాగితాల్లేనివాళ్ళకి క్షమాభిక్ష ప్రకటించినప్పుడు వస్తాడనుకున్నారు, రాలేదు. 2024 సెప్టెంబరులో మళ్ళీ ప్రకటించారు. అప్పుడు వచ్చాడు, పేరూ ఊరూ మార్కర్‌తో రాసి తాడు బిగించిన కార్టన్ డబ్బాతో సహా. వదిన చేసిన మొదటి పని ఏంటనుకున్నారు? అతన్ని పైకీ కిందికీ చూసి “ఎవరు కావాలి?” అని అడిగింది. వాకిట్లో ఉన్నవాళ్ళందరం నవ్వాం, అతను కూడా నవ్వాడు. అంతకుముందు ఎన్ని రాత్రులు ఏడ్చిందో మాకు తెలియక కాదు.

ఖల్లివల్లి మీద మా ఊళ్ళో ఉన్నన్ని జోకులు ఇంకెక్కడా ఉండవు. మాకు అవి తప్పనిపించవు. ఊరికి సంబంధం లేనివాడు వేస్తే మాత్రం ఊరుకోం. పెరెస్‌కానోది కూడా ఓహాకాయే. బయటినుంచి వచ్చి ఎగతాళి చేసినవాడు కాదు.

గోదారిగట్టు:
అక్కా, మీ మాటకి ఎదురు చెప్పలేను. కానీ మన హాల్లో నవ్వినవాళ్ళు ఓహాకా వాళ్ళు కాదు, జగిత్యాల వాళ్ళూ కాదు. ఏసీలో కూర్చుని నవ్వారు. ఊరికి సంబంధం లేనివాడు అన్నారే, ఆ లెక్కలో మనమే కదా?

డల్లాస్ బాబాయ్:
తమ్ముడూ, ఆ లెక్కన చార్లీ చాప్లిన్‌ని చూసి నవ్వాలంటే ముందు ఆకలితో మాడాలి. అక్క చెప్పిన ఏలా సంగతి మాత్రం నాకు తట్టలేదు. సినిమా ఇంకోసారి చూస్తా. లైన్ గురించి నా అభిప్రాయం మారదు, అది వేరే చర్చ.

జగిత్యాల అక్క:
ఏసీలో కూర్చున్నా పర్లేదు, ఎందుకు నవ్వామో తెలిస్తే చాలు. నాకు నవ్వొచ్చింది సోఫా చూసి కాదు. అతను వెళ్ళిపోతాడని ఆ ఇద్దరికీ తెలుసు. తమ మొగుళ్ళలాగే మళ్ళీ ఈ వైపు చూడకపోవచ్చనీ తెలుసు. అయినా అతన్ని దాటించడానికి వాళ్ళే చెయ్యేస్తారు. ఇదెక్కడి చోద్యం అని నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది కూడా. నీకు కావాల్సిన కోపం అక్కడ ఉంది, నువ్వు ముందే లేచిపోయావు.

గోదారిగట్టు:
సరే, ఒక్కటే ప్రశ్న. ఊళ్ళో ఆంద్రెస్ వదిలి వచ్చిన భార్య మన హాల్లో కూర్చుని ఉంటే, ఆ సోఫా సీన్‌కి నవ్వేదా?

జగిత్యాల అక్క:
నవ్వేది. మర్నాడు ఫోన్ చేసి, ఆ కిరాణా కొట్లో ఇన్నాళ్ళు ఏం వెలగబెట్టావని నాలుగు తిట్టేది కూడా.