డోనర్ ఎగ్ పెడితే ఏం మారుతది, ఏం మారదు?

ప్రశ్న: నల్లగొండ ఏఎన్ఎం

అందరికీ నమస్తే. మా సబ్‌సెంటర్ కింద ఊర్లల్ల ముగ్గురికి పట్నం దవాఖానల "డోనర్ ఎగ్‌తో ఐవీఎఫ్" అని రాసిచ్చిండ్రు, అంటే వేరే ఆమె అండాన్ని ల్యాబుల భర్త వీర్యంతోటి కలిపి, ఆ పిండాన్ని ఈమె గర్భసంచిల పెట్టుడు. ఒకామెకు 31 ఏండ్లు, ఏఎంహెచ్ (అండాలు ఎన్ని మిగిలినయో చెప్పే రక్తపరీక్ష) 0.6, నెలసరి మంచిగనే వస్తున్నది, ఇంతవరకు ఐవీఎఫ్ చేయలే. ఇంకొకామెకు 36, నెలసరి ఆగి రెండేండ్లు, ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయం పని తగ్గితే పెరిగే హార్మోన్) 70 దాటింది. మూడో ఆమెకు 44, సొంత అండాలతో రెండుసార్లు ఫెయిల్, బీపీ గోళీ వాడుతున్నది.

వాళ్లు అడిగేటివాటికి సరిగ్గ జవాబు చెప్పాలని ఇక్కడ అడుగుతున్న. అండాలు ఎక్కడినుంచి వస్తయి, ఎన్ని ఇస్తరు? సొంత చెల్లె ఇస్తానంటే నడుస్తదా? ఇచ్చే ఆమెకు తర్వాత గుడ్లు అయిపోతయా? తీసుకునే ఆమెకు ఏం మందులు, ఎన్ని రోజులు? ఎక్కడ చెడిపోతది? లెక్కలతోటి చెప్పుండ్రి.

జవాబు 1: ఎంబ్రియాలజీ ల్యాబ్

సిస్టర్, ముందు మీ మొదటి కేసు గురించి. ఏఎంహెచ్ చెప్పేది ఎన్ని అండాలు మిగిలాయో తప్ప అవి ఎలాంటివో కాదు. అండం నాణ్యత ప్రధానంగా వయసును బట్టి ఉంటుంది. 31 ఏళ్లకు 0.6 అంటే ఒక సైకిల్లో మూడో నాలుగో అండాలు దొరకొచ్చు, కానీ అవి 31 ఏళ్ల అండాలే. నెలసరి రెండో మూడో రోజున స్కాన్ చేసి రెండు అండాశయాల్లో చిన్న ఫాలికిల్స్ (అండం పెరిగే నీటి సంచులు) ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించండి. కొన్ని కనిపిస్తే సొంత అండాలతో కనీసం ఒక్కసారి ప్రయత్నించకుండా డోనర్‌కు పోవడం తొందరపాటు. ఒక్క రక్తపరీక్ష కాగితం చూసి ఆ అమ్మాయికి తన అండాలు పనికిరావని చెప్పేయడం అన్యాయం. రెండో ఆమెది అసలైన డోనర్ కేసు. 44 ఏళ్లామెకు కూడా సొంత అండాలతో ఆశ చాలా తక్కువ. ఆమె విషయంలో ముందు చూడాల్సింది గుండె, బీపీ. అది డాక్టరమ్మ చెబుతారు.

ఇక లెక్క. 2021 ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల) చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అండదాత వయసు 23 నుంచి 35 లోపు ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఆమె నుంచి 7 అండాలకు మించి తీయకూడదు. ఒక దాత అండాలు ఒకే జంటకు ఇవ్వాలి, ఇద్దరికి పంచడం కుదరదు. "పదిహేను అండాలు గ్యారంటీ" అని ఎవరన్నా ప్యాకేజీ చెబితే అక్కడే లేచి వచ్చేయమనండి.

7 తీస్తే 7 పిండాలు రావు. వాటిలో అయిదారు పూర్తిగా పండినవి ఉంటాయి, మిగతావి పచ్చివి. పండినవాటిలో ఇక్సీ చేస్తే, అంటే ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పంపితే, సుమారు 70 శాతం ఫలదీకరణ చెందుతాయి, అంటే నాలుగు అనుకోండి. అయిదో రోజు బ్లాస్టోసిస్ట్ (గర్భసంచిలో పెట్టడానికి సిద్ధమైన పిండం) దాకా చేరేవి వాటిలో సగం. చేతికొచ్చేది రెండు, ఒక్కోసారి మూడు. ఒకటి పెట్టి, ఉన్నది ఫ్రీజ్ చేస్తారు. ఈ లెక్క జంటకు ముందే చెప్పకపోతే, ఫ్రీజర్‌లో రెండే ఉన్నాయని తెలిసినప్పుడు మోసపోయామని అనుకుంటారు.

అండాలు బ్యాంకులో (దాతల అండాలు సేకరించి ఇచ్చే సంస్థలో) గడ్డకట్టించినవైతే అవి ద్రవ నైట్రోజన్‌లో −196 డిగ్రీల దగ్గర ఉంటాయి. కరిగించాక ఒకటీ అరా పోవడం మామూలే. గడ్డకట్టించే ముందు చుట్టూ ఉన్న కణాలు తీసేస్తారు, పైపొర కూడా గట్టిపడుతుంది. అందుకే వీటికి ఇక్సీ తప్పనిసరి. అదే రోజు తీసిన తాజా అండాలైతే కరిగించేటప్పుడు పోయే భయం లేదు. కానీ దాత తేదీ, వీళ్ల తేదీ కలవాలి.

డోనర్ మార్చేది అండం ఒక్కటే. భర్త వీర్యం మారదు, గర్భసంచి మారదు, తల్లి ఒంట్లో ఉన్న జబ్బు మారదు. భర్త వీర్యంలో కణాలు బాగా తక్కువున్నా, డీఎన్‌ఏ చిట్లినవి ఎక్కువున్నా పిండాలు మూడో రోజు తర్వాత ఆగిపోవచ్చు. అప్పుడు "డోనర్ అండం మంచిది కాదు" అనేస్తారు. మొదటి విడత ఫెయిలైన జంటలకు ఏ రోజు దగ్గర పిండం ఆగిందో ల్యాబ్ రిపోర్ట్ అడగమని చెప్పండి.

జవాబు 2: గైనకాలజీ, మహబూబ్‌నగర్

పైన సార్ చెప్పిన మాట పట్టుకునే చెబుతాను. అండం బయటిది కాబట్టి మిగతాదంతా ఆమె ఒళ్లే మోయాలి. కాబట్టి దాతను వెతికే ముందే ఈమెను తయారు చేయాలి.

మన దగ్గర మొదట చూడాల్సింది గర్భసంచి టీబీ. అది లోపలి పొరను కాల్చినట్టు చేస్తుంది. పొర అతుక్కుపోయి ఉంటే ఎంత మంచి అండమైనా నిలవదు. హిస్టెరోస్కోపీ చేసి, అంటే సన్నటి కెమెరా గొట్టం పంపి లోపల చూస్తే తెలుస్తుంది. రెండోది ట్యూబుల్లో నీరు. ఆ నీరు గర్భసంచిలోకి జారి పిండాన్ని నిలవనివ్వదు. ట్యూబు తీసేసో, అది గర్భసంచికి కలిసే చోట క్లిప్ వేసో ఆ తర్వాతే పిండం పెట్టాలి. ఈ రెండూ చూడకుండా డోనర్‌తో మూడుసార్లు చేసుకుని డబ్బు, మనసు పోగొట్టుకునేవాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది.

థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్, బీపీ ముందే సరిచేయండి. 44 ఏళ్లామెకు ఈసీజీ, ఎకో, మామోగ్రామ్ అయ్యాకే ముందుకు పోవాలి. బీపీకి ఆమె వాడే గోళీ గర్భంలో పనికొచ్చేదా కాదా చూడండి. టెల్మిసార్టన్, ఎనాలప్రిల్ లాంటివైతే మార్చాలి, అవి బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. 36 ఏళ్లకే నెలసరి ఆగినామెకు ఎందుకు ఆగిందో కారియోటైప్ (క్రోమోజోముల పరీక్ష) చేయించాలి. టర్నర్ (ఒక ఎక్స్ క్రోమోజోమ్ లేని స్థితి) ఉన్నట్టు తేలితే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఎలా ఉందో కార్డియాలజిస్ట్ చూడాలి. అది వెడల్పయి ఉంటే గర్భమే ప్రాణానికి ముప్పు.

మందులు ఇలా నడుస్తాయి. నెలసరి రెండో రోజు నుంచి గర్భసంచి పొర పెంచే హార్మోన్ గోళీ ఎస్ట్రాడియోల్ వాలరేట్ 2 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు. నెలసరి ఆగినామెకు ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు. పది పన్నెండు రోజులకు స్కాన్. పొర 7 మిల్లీమీటర్లు దాటి, మూడు గీతలుగా కనిపిస్తే, పిండం నిలిచేలా పొరను సిద్ధం చేసే హార్మోన్ ప్రొజెస్టెరాన్ మొదలు. సన్నగా ఉంటే ఇంకొన్ని రోజులు ఆగుతాం, డోసు పెంచుతాం. అప్పటికీ పెరగకపోతే ఈ నెల వదిలేయడమే మంచిది. ఫ్రీజ్ చేసిన పిండం ఎక్కడికీ పోదు.

ప్రొజెస్టెరాన్ మొదలుపెట్టిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. సోమవారం సాయంత్రం మొదటి మోతాదు పడితే అయిదో రోజు పిండం పెట్టేది శనివారం. సోమవారం మోతాదు మరిచిపోయి మంగళవారం మొదలుపెట్టి, ఆ సంగతి చెప్పకుండా శనివారమే వస్తే పొర ఒక రోజు వెనకబడి ఉంటుంది. పిండం మంచిదే, పొర మంచిదే, కానీ కలవదు. భయపడకుండా చెబితే ఆదివారానికి మార్చుకుంటాం. మీరు ఆ మొదటి మోతాదు టైమ్ గోడ మీది క్యాలెండర్‌లో రాయించండి.

పిండం పెట్టేది అయిదు పది నిమిషాల పని. మత్తు అక్కర్లేదు. మూత్రాశయం కొంచెం నిండి ఉండాలి, స్కాన్‌లో గర్భసంచి తిన్నగా కనిపిస్తుంది. ఆ రోజే జడ్చర్ల, షాద్‌నగర్ రోడ్డు మీద బస్సులో ఇంటికి పోవచ్చు. కుదుపులకు పిండం జారిపోదు. మంచం దిగకుండా పడుకుంటే ఫలితం పెరగదు. సుమారు 12 రోజులకు బీటా హెచ్‌సీజీ, గర్భం నిలిచిందో చెప్పే రక్తపరీక్ష. మంచి కేంద్రంలో ఒక్కసారి పెడితే దగ్గరదగ్గర సగం మందికి నిలుస్తుంది, మిగతా సగం మందికి నిలవదు. ఆ సగం సంగతి కూడా ముందే చెప్పాలి.

నల్లగొండ ఏఎన్ఎం

మస్తు సంతోషం మేడం. ఒకటి అడుగుత. పాజిటివ్ వచ్చినంక ఇక్కడ లోకల్ డాక్టర్ "ఇన్ని హార్మోన్ గోళీలెందుకు" అని ఆపిస్తే ఏమైతది?

గైనకాలజీ, మహబూబ్‌నగర్

గర్భం పోతుంది సిస్టర్. మామూలు గర్భంలో అండం విడుదలైన చోట ఒక గ్రంథి ఏర్పడి ప్రొజెస్టెరాన్ ఇస్తుంది. ఈ పద్ధతిలో ఆమె అండాశయం నుంచి అండం విడుదల కాలేదు, కాబట్టి ఆ గ్రంథే లేదు. మాయ ఆ పని అందుకునేదాకా, అంటే 10 నుంచి 12 వారాల దాకా, బయటినుంచి మనం ఇచ్చేదే దిక్కు. ఎర్ర మరక కనబడ్డా ఆపొద్దు, ఫోన్ చేయాలి. మందుల చీటీ మీద "డోనర్ ఎగ్ గర్భం, 12 వారాల దాకా ఆపరాదు" అని పెద్దగా రాయించుకోండి. చుట్టాలకు తెలియొద్దనుకుంటే "ఐవీఎఫ్ గర్భం" అని రాసినా చాలు.

ఇంకో సంగతి, డోనర్ అండంతో వచ్చిన గర్భాల్లో బీపీ పెరగడం, ఫిట్స్ దాకా పోవడం మామూలు ఐవీఎఫ్ కన్నా ఎక్కువ. కవలలైతే మరీ. అందుకే ఒక్క పిండమే పెట్టమని నేను గట్టిగా అంటాను. ఈ తల్లుల బీపీ మీరు 20 వారాల నుంచి ప్రతి వారం చూడండి. 12 వారాల దగ్గర ఆస్పిరిన్ మొదలుపెట్టాలా అని వాళ్ల డాక్టర్‌ను అడిగించండి. తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే జిల్లా ఆసుపత్రికే పంపండి.

జవాబు 3: ఏఆర్‌టీ కౌన్సెలర్

చెల్లెలి సంగతి నేను చెబుతానక్కా. చట్టం ప్రకారం అండదాతను పరీక్షించి ఇచ్చేది రిజిస్టర్ అయిన ఏఆర్‌టీ బ్యాంకు మాత్రమే. క్లినిక్ వేరు, బ్యాంకు వేరు. చెల్లెను వెంటబెట్టుకుని నేరుగా క్లినిక్‌కు పోతే కుదరదు. తీసుకునే ఆమె 50 లోపు, భర్త 55 లోపు ఉండాలి. భార్యాభర్తలిద్దరి సంతకాలూ కావాలి. పిండాలు ఫ్రీజ్ చేస్తే, ఇద్దరిలో ఒకరికి ఏదన్నా అయితే వాటినేం చేయాలో కూడా ముందే రాసివ్వాలి. ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ.

దాతకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు తప్పనిసరి. వాటితో పాటు తలసీమియా, సికిల్ సెల్ పరీక్ష కూడా అడగమనండి. మేనరికాలున్న ఇండ్లల్లో భర్త తలసీమియా క్యారియర్ (తనకు జబ్బు లేకున్నా బిడ్డకు అందించగలిగేవాడు) అయి ఉండొచ్చు. దాత కూడా క్యారియర్ అయితే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. రక్తసంబంధం లేని దాత కదా అని ఊరుకోవద్దు.

ఇచ్చే ఆమె గురించి ఎవరూ అడగరు, మీరు అడిగినందుకు దండం. ఆమెకు నెలసరి రెండో రోజు నుంచి పది రోజుల పాటు పొట్ట మీద హార్మోన్ సూదులు, రెండు మూడు రోజులకో స్కాన్. ఫాలికిల్స్ 18 మిల్లీమీటర్లకు వచ్చాక ట్రిగర్ సూది, అంటే అండాలను చివరగా పండించేది. దాని తర్వాత 35, 36 గంటలకు మత్తిచ్చి యోని దారి నుంచి సూదితో అండాలు తీస్తారు. పని 20 నిమిషాలది, అదే రోజు ఇంటికి. ప్రతి నెలా కొన్ని అండాలు ఎదగడం మొదలుపెట్టి ఒకటి మిగిలి తక్కినవి ఎండిపోతాయి. సూదులు కాపాడేది ఆ ఎండిపోయేవాటినే. కాబట్టి ఆమె నిల్వ తగ్గదు, మెనోపాజ్ ముందుకు రాదు.

ప్రమాదం అండాశయాలు ఉబ్బడంలో ఉంది. ట్రిగర్‌గా హెచ్‌సీజీ కాకుండా ట్రిప్టోరెలిన్ లాంటిది ఇస్తే అది బాగా తగ్గుతుంది. అయినా తీసిన వారం లోపల పొట్ట బిగుసుకుపోయినా, వాంతులైనా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా వెంటనే చూపించాలి. వాచిన అండాశయం మెలిపడొచ్చు కాబట్టి నెలసరి వచ్చేదాకా నాట్లకూ, పత్తి తీయడానికీ పోవద్దు, బిందెలు ఎత్తొద్దు. ఆమె పేరు మీద 12 నెలల ఆరోగ్య బీమా తీసుకోవాల్సింది తీసుకునే జంట. ఆ పాలసీ కాగితం బిల్లుతో పాటు అడగండి. లేకపోతే ఆ బ్యాంకు దారి సరైనది కాదని అర్థం.

బిడ్డ చట్టరీత్యా పూర్తిగా ఈ జంట బిడ్డే. దాతకు ఏ హక్కూ ఉండదు. పాలు పడతాయా అని చాలామంది అడుగుతారు. పడతాయి, పాలకు అండంతో సంబంధం లేదు.

జవాబు 4: స్టాఫ్ నర్స్, మిర్యాలగూడ

మందుల దగ్గర ఒకటి రెండు చెప్త అక్కా. ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్స్ మన ఎండకు కరుగుతయి. మే నెలల బస్సుల బ్యాగుల పెట్టుకుని తెస్తే ఇంటికొచ్చేసరికి ఒకదానికొకటి అంటుకుని ముద్దయితయి. అట్లయినవి వాడొద్దు. చల్లటి పూట తెచ్చుకోవాలె, మందులషాపుల కూడా ఎండ పడేకాడ పెట్టినవి తీసుకోవద్దు.

ప్రొజెస్టెరాన్ నూనె సూది అయితే పిరుదు పైభాగం బయటి పక్కకు, రోజుకో పక్క మార్చి వేయాలె. ఒక్క దిక్కే వేస్తే రాయి లెక్క గడ్డ కడతది, చీము కూడా పడ్తది. సూది ముందు సీసను అరచేతుల మధ్య రెండు నిమిషాలు రుద్దితే నూనె పల్చనయితది, నొప్పి తక్కువుంటది. మెల్లగ ఎక్కించి, గోరువెచ్చని గుడ్డతోటి కాపడం పెట్టాలె. ఊరి ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునేటోళ్లు చీటీ తప్పకుండ చూపియ్యాలె. 100 మిల్లీగ్రాములు రాస్తే 50 సీస ఒక్కటే వేసి పంపుతుంటరు.