మాస్క్ గోలీ జాక్ ప్లాంట్ గురించి మీకేం తెలుసు?

బ్రాంప్టన్ నాన్న:
మా తొమ్మిదేళ్లవాడు ఐస్ హాకీలో గోలీగానే (గోల్ కాపలాదారుగా) ఆడతానని మొండికేశాడు. వాళ్లమ్మకి ఒకటే టెన్షన్. కోచ్ మాత్రం "మొహానికి భయం లేదండీ, ఆ పుణ్యం జాక్ ప్లాంట్‌ది" అన్నాడు. పేరు వినడమే, వివరం తెలీదు. కాస్త చెబుతారా?

మాంట్రియల్ మూర్తి:
మా ఆఫీసులో పెద్దవాళ్లకి ఇప్పటికీ కబుర్లలో ఆయనే. 1959 నవంబర్ 1, న్యూయార్క్‌లో రేంజర్స్ జట్టుతో ఆట. వాళ్ల ఆటగాడు ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ (గట్టి రబ్బరు బిళ్ల) నేరుగా ప్లాంట్ మొహానికి తగిలింది. లోపలికెళ్లి కుట్లు వేయించుకుని, మాస్క్ పెట్టుకుంటేనే మళ్లీ దిగుతానని భీష్మించాడు. ప్రాక్టీసులో అప్పటికే వాడుతున్నాడు గానీ, మ్యాచ్‌లో పెట్టుకోవడం కోచ్ టో బ్లేక్‌కి ససేమిరా ఇష్టం లేదు. ఏం చేస్తాడు, అప్పట్లో జట్టు వెంట రెండో గోలీ ఉండేవాడు కాదు! ఒప్పుకున్నాడు. ప్లాంట్ జట్టు మాంట్రియల్ కెనడియెన్స్ 3-1తో గెలిచారు. అక్కణ్నుంచి మాస్క్‌తో వరుసగా చాలా మ్యాచ్‌లు ఓటమే లేదు.

గల్లీ క్రికెటర్:
అయితే మాస్క్ పెట్టిన మొదటివాడు ఈయనేనా?

మాంట్రియల్ మూర్తి:
కాదు. 1930లోనే క్లింట్ బెనెడిక్ట్ అనే గోలీ తోలు మాస్క్ పెట్టి, కొద్ది ఆటలకే వదిలేశాడు. ప్లాంట్ 1960 మార్చిలో కోచ్ మాట కాదనలేక ఒక్కసారి తీసి ఆడితే డెట్రాయిట్ చేతిలో 3-0తో ఓడారు. ఇక ఆ తర్వాత ఆయన్ని తీయమన్నవాళ్లు లేరు.

బఫెలో బుజ్జి:
ఈ మాస్క్ గొడవలో మనిషి ఆట మరుగున పడిపోతుందని నా బాధ. 1956 నుంచి 1960 దాకా వరుసగా ఐదు స్టాన్లీ కప్పులు (లీగ్ విజేతకిచ్చేవి), అంతకుముందు 1953లో ఒకటి. గోలీలకిచ్చే వెజినా ట్రోఫీలు ఏడు, చివరిది నలభై ఏళ్ల వయసులో! చిన్నప్పుడు ఉబ్బసం వల్ల ఎక్కువసేపు స్కేటింగ్ చేయలేక గోల్ దగ్గర నిలబడ్డాడు. అలాంటివాడు పెద్దయ్యాక గోల్ వదిలి వెనక్కెళ్లి, పక్ ఆపి తనవాళ్లకి అందించేవాడు. ఇవాళ గోలీలందరూ చేసేది అదే.

నేను వారాంతాల్లో సరదాగా గోలీగా ఆడతాను. పక్ మాస్క్‌కి తగిలితే చెవిలో గుడి గంట మోగినట్టుంటుంది, అంతే. ప్లాంట్‌కి 1970 ఫైనల్స్‌లో బోస్టన్ మీద మాస్కే పగిలి స్పృహ తప్పింది. అది లేకపోతే ప్రాణం పోయేదని తర్వాత ఆయనే అన్నాడు.

బ్రాంప్టన్ నాన్న:
ఆ 1970 ముచ్చట మా ఆవిడకి చెప్పను బాబూ. సామానంతా సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చా?

బఫెలో బుజ్జి:
ప్యాడ్లు తీసుకోండి, పిల్లలు ఏడాదికే పెరిగిపోతారు. మాస్క్ మాత్రం కొత్తదే కొనండి.